గాలిలో వాటా: సంఘం రేడియో పుట్టిన కథ

2008 అక్టోబరు 15. ఐక్యరాజ్య సమితి గ్రామీణ మహిళల దినాన్ని మొదటిసారి జరిపిన రోజు. అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ దగ్గర ఝరాసంగం మండలం మాచ్‌నూర్ నుంచి 90.4 మెగాహెర్ట్జ్ మీద ఒక రేడియో కేంద్రం ప్రసారం మొదలుపెట్టింది. పేరు సంఘం రేడియో. మన దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థకు లైసెన్సు దొరికి గాలిలోకి వెళ్లిన మొదటి సామాజిక రేడియో అది. మైకు ముందు కూర్చున్నవాళ్లు, మిక్సర్ మీద చేయి వేసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళలు. ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనిషి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ పీబీ సావంత్.

ఆయన్ను పిలవడానికి బలమైన కారణమే ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన ధర్మాసనంలో ఆయన ఒకరు. ఆ మాట కాగితం మీది నుంచి మాచ్‌నూర్ దాకా రావడానికి పదమూడేళ్లు పట్టింది.

ఈ కథలో కొత్త యంత్రం ఏదీ లేదు. మైకు, టేపు, ట్రాన్స్‌మిటర్, యాంటెన్నా అన్నీ లోకం అప్పటికే ఎరిగినవి. కొత్తగా కుదిరింది ఏర్పాటు. అప్పటిదాకా రేడియో వినడమే తప్ప అందులో మాట్లాడే వీలు లేని మనుషులు తమ పంట గురించి, తమ మందూమాకూ గురించి, తమ పాట గురించి తామే చెప్పుకునే వీలు వచ్చింది. ప్రభుత్వ ప్రసారం ఉంది, వ్యాపార ప్రసారం ఉంది. రెండూ ఉండగా మూడోదాని అవసరం ఎందుకు వచ్చిందో, అది ఎవరి పట్టుదలతో నిలబడిందో తెలుసుకుంటే, చేతిలో ఫోన్ ఉన్న ఈ కాలంలో ఆ మూడూ ఏం చేయాలో కూడా తేటపడుతుంది.

ఊరి వంతు వినడమే

నిజాం రాజ్యంలో 1930లలో మొదలైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం అయింది. అప్పటి నుంచి మెదక్ జిల్లా పల్లెలకు రేడియో అంటే ఆకాశవాణే. పంచాయతీ కచేరీలో పెట్టిన రేడియో చుట్టూ జనం చేరేవారు. వాన ఎప్పుడొస్తుందో, ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో, మార్కెట్‌లో ధర ఎంత ఉందో అందులోనే వినేవారు. వార్తలు, నాటకాలు, పిల్లల కార్యక్రమాలు, శాస్త్రీయ సంగీతం, జానపదాలు ఇంటింటికీ చేర్చిన సంస్థ అది. అక్షరం రాని మనిషికి అంత లోకాన్ని అందించిన ఆకాశవాణి రుణం తెలుగు నేల తీర్చుకోలేనిది.

అయితే ఒక్క మీడియం వేవ్ కేంద్రం అనేక జిల్లాలకు మాట్లాడాలి. జహీరాబాద్ వైపు తెలుగులో కన్నడం, ఉర్దూ కలిసి ఉంటాయి. ఆ మాటతీరు హైదరాబాద్ స్టూడియోలో వినపడే అవకాశం తక్కువ. ఎర్రనేలల మీద ఒకే చేనులో జొన్న, కంది, సజ్జ, కొర్ర, పెసర, అనుములు కలిపి వేసే ఆడవాళ్ల సాగు గురించి ఆ స్టూడియోలో కూర్చున్న నిపుణుడికి పట్టింపు ఉండేది కాదు. హరిత విప్లవ కాలంలో రేడియో ఎక్కువగా మాట్లాడింది నీటి వసతి ఉన్న పొలం గురించి, హైబ్రిడ్ విత్తనం గురించి, ఎరువు బస్తా గురించి.

ఊరి చేత కూడా మాట్లాడించాలన్న ప్రయత్నాలు జరగకపోలేదు. 1956లో ఆకాశవాణి యునెస్కోతో కలిసి పుణె ప్రాంతంలో 150 గ్రామాల్లో రేడియో రైతు బృందాలు పెట్టింది. ఇరవై మంది దాకా కూర్చుని కార్యక్రమం విని, చర్చించి, తమ ప్రశ్నలు కేంద్రానికి పంపేవారు. ప్రయోగం ఫలించింది, దేశమంతా విస్తరించింది కూడా. అయినా ఊరికి దక్కిన హక్కు ప్రశ్న అడగడం వరకే. ఏం ప్రసారం చేయాలో తేల్చేది కేంద్రమే.

1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా జరిగిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం ఇంకా పెద్దది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇస్రో ఏడాది పాటు వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు నేరుగా టీవీ వచ్చింది. తెలుగులో కూడా కార్యక్రమాలు తయారయ్యాయి. కరెంటు సరిగా లేని ఊళ్లో కోడి జాలీతో చేసిన డిష్ కింద వందల మంది కూర్చుని టీవీ చూశారు. ప్రపంచం మెచ్చిన ప్రయోగం అది. అందులో పనిచేసిన దూరదర్శన్ ప్రొడ్యూసర్లలో పెరియపట్న వెంకటసుబ్బయ్య సతీశ్ ఒకరు.

దూరదర్శన్ నుంచి పస్తాపూర్‌కు

సతీశ్ 1945లో మైసూరులో పుట్టారు. దాదాపు రెండు దశాబ్దాలు దూరదర్శన్‌లో గ్రామీణ కార్యక్రమాలు తీశారు. పేదల గురించి ఎన్ని కార్యక్రమాలు చేసినా కెమెరా మాత్రం తీసేవాడి చేతిలోనే ఉండిపోతుందన్నది ఆయనకు లోపలి నుంచి తెలిసిన సంగతి. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. అందరూ డీడీఎస్ అంటారు.

ఊరూరా మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. 75 గ్రామాల దాకా విస్తరించి, ఐదు వేల మంది సభ్యులతో పెరిగాయి. సభ్యుల్లో అత్యధికులు దళితులు, ఎకరం రెండెకరాల మెట్టభూమి ఉన్నవాళ్లు. బీడు పడ్డ భూములను సాగులోకి తెచ్చారు. ఇంటి విత్తనాన్ని కాపాడుకుని ఊరి విత్తన బ్యాంకులు పెట్టుకున్నారు. 1990ల నడుమ బియ్యం రేషన్‌కు బదులు తమ చేలల్లో పండిన జొన్నలతో తమదైన రేషన్ పద్ధతి నడిపారు. ఏటా సంక్రాంతి తర్వాత ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పే పాత పంటల జాతర కూడా వాళ్లదే.

పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ మీద ప్రపంచ స్థాయి పరిశోధన అక్కడ జరుగుతుంది. అదే ముంబయి రహదారి మీద ఇంకాస్త పడమరకు వెళ్తే, అవే పంటలను తరాలుగా పండించి విత్తనం దాచిన ఆడవాళ్లు ఉన్నారు. మొదటివారి మాట పత్రికల్లో, రేడియోలో, సదస్సుల్లో వినపడింది. రెండోవారి దగ్గర జ్ఞానం ఉంది, దాన్ని వినిపించే సాధనం లేదు.

సంఘాల సమావేశాల్లో రేడియో ఆలోచన ఇలాగే కదిలింది. తమ పంటల సంగతి రేడియోలో రాదని, వచ్చినా తమ భాషలో రాదని, తమ మధ్య మాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడానికి తమదైన దారి కావాలని ఆ ఆడవాళ్లు తేల్చుకున్నారు. చదువు రానివాళ్లకు పత్రిక పెట్టి లాభం లేదు. మాట, పాట, సామెత వాళ్ల సొత్తు. అందుకు సరిపోయే సాధనం రేడియోనే.

గాలి ఎవరిది?

సరిగ్గా ఆ కాలంలోనే ఒక క్రికెట్ తగాదా దేశ ప్రసార చరిత్రను మలుపు తిప్పింది. 1993 నవంబరులో హీరో కప్ పోటీల ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు అమ్మింది. దేశం నుంచి ప్రసారం చేసే అధికారం తమదేనని దూరదర్శన్, సమాచార ప్రసార శాఖ అడ్డుపడ్డాయి. ప్రభుత్వం పట్టుకున్న ఆయుధం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తగాదా సుప్రీంకోర్టుకు చేరింది.

1995 ఫిబ్రవరి 9న జస్టిస్ సావంత్, జస్టిస్ ఎస్ మోహన్, జస్టిస్ బీపీ జీవన్‌రెడ్డి తీర్పు చెప్పారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రజా ప్రయోజనం కోసమే వాడాలి, ప్రభుత్వ గుత్తాధిపత్యానికి రాజ్యాంగంలో చోటు లేదు, స్వతంత్ర ప్రజా సంస్థ ఒకటి ప్రసారాలను క్రమబద్ధం చేయాలి అన్నది దాని సారం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగిన జస్టిస్ జీవన్‌రెడ్డి విడిగా రాసిన తీర్పులో ఇంకో హెచ్చరిక ఉంది. ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత చెరుపో, డబ్బున్నవాళ్ల గుత్తాధిపత్యం అంతకు తక్కువ చెరుపు కాదని ఆయన స్పష్టం చేశారు.

తీర్పులోని మొదటి సగం, అంటే ప్రభుత్వ గుత్తాధిపత్యం పోవడం, త్వరగానే అమలైంది. 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. ఆకాశవాణి, దూరదర్శన్‌లకు స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం 1990లోనే పార్లమెంటు చేసినా, అమలులోకి వచ్చింది 1997లో. ప్రైవేటు ఎఫ్ఎం చానెళ్లను వేలం వేశారు. 2001లో బెంగళూరులో మొదటిది మోగింది. 2006లో హైదరాబాద్‌కూ వచ్చాయి.

వ్యాపార ప్రసారం తెచ్చిన మేలు చిన్నది కాదు. వార్తల్లో పోటీ వచ్చింది, అధికారంలో ఉన్నవాళ్లను ప్రశ్నించే గొంతులు పెరిగాయి. ఈటీవీ అన్నదాత లాంటి కార్యక్రమం రైతు ఇంట్లో స్థానం సంపాదించుకుంది. అయితే వేలంలో కోట్లు కట్టి చానెల్ కొన్నవాడు ప్రకటనలు దొరికే చోటికే పోతాడు. అది వాళ్ల తప్పు కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అంత. కొనుగోలు శక్తి లేని మెట్టరైతు ఆ లెక్కలో ఎక్కడా రాడు. తీర్పులోని రెండో సగం, అంటే గాలిలో సామాన్యుడి వాటా, అలాగే మిగిలిపోయింది.

గాలి దొరకని పదేళ్లు

1998లో యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో స్టూడియో, రికార్డింగ్ పరికరాలు సిద్ధమయ్యాయి. అదే ఊళ్లో డీడీఎస్ బడి పచ్చసాలె కూడా ఉంది. అంతా తయారుగా ఉంది, ప్రసారానికి అనుమతి ఒక్కటే లేదు. అప్పటి చట్టంలో ఊరివాళ్ల రేడియో అన్న మాటకే చోటు లేదు.

ఇంకొకరైతే తలుపుకు తాళం వేసి ఎదురుచూసేవారు. సంఘాలు మాత్రం పని మొదలుపెట్టాయి. ఆల్గోల్ నర్సమ్మ, అందరూ జనరల్ నర్సమ్మ అని పిలిచే ఇంకో నర్సమ్మ స్టూడియో పని నేర్చుకున్నారు. టేప్ రికార్డర్ భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి, చేలగట్ల మీద ముచ్చట్లు రికార్డు చేశారు. విత్తనం ఎలా దాచాలో ఒక ముసలమ్మ చెప్తే, బాలింతకు ఏం పెట్టాలో మంత్రసాని చెప్తుంది. నాట్లప్పటి పాట ఒకరిది, బతుకమ్మ పాట ఇంకొకరిది. స్టూడియోలో కత్తిరించి, కూర్చి, క్యాసెట్ చేసేవారు. ఆ క్యాసెట్లు సంఘం సమావేశాలకు వెళ్లేవి. రాత్రి పూట ఆడవాళ్లంతా చుట్టూ చేరి వినేవాళ్లు, వాదించేవాళ్లు, తర్వాతి దానికి ఏం కావాలో చెప్పి పంపేవాళ్లు.

ఆ కాలంలోనే సంఘం సభ్యుల్లో కొందరు వీడియో కూడా నేర్చుకుని కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడ్డారు. కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు లోకమంతా పాకాయి. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. కంటికి కన్ను సమంగా నిలిపి తీసేది సంఘం షాట్. ఆ మూడోదాన్నే వాళ్లు తమ పద్ధతిగా పెట్టుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతుల గోడును చేలోకి వెళ్లి చిత్రీకరించిన సినిమా అనేక దేశాల్లో ప్రదర్శితమైంది.

ఆ పదేళ్లు దండగ కాలేదని చెప్పాలి. లైసెన్సు వచ్చేనాటికి వాళ్ల దగ్గర నైపుణ్యం ఉంది, కార్యక్రమాల నిల్వ ఉంది, వినే అలవాటు పడ్డ ఊళ్లు ఉన్నాయి. ముందు టవర్ కట్టి తర్వాత ఏం మాట్లాడాలా అని వెతుక్కునే కేంద్రాలు చాలా ఉంటాయి. మాచ్‌నూర్‌లో ముందు మాట తయారైంది, తర్వాత టవర్ లేచింది.

ఢిల్లీ తలుపు తెరుచుకున్న తీరు

సామాజిక రేడియో కోసం 1996లో బెంగళూరులో కార్యకర్తలు, పరిశోధకులు కలిసి ఒక ప్రకటన చేశారు. 2000 జులైలో హైదరాబాద్‌లో యునెస్కో సదస్సు జరిగింది. అక్కడి నుంచి పస్తాపూర్ వచ్చిన ప్రతినిధులు, ప్రభుత్వ రేడియో, వ్యాపార రేడియోలతో పాటు లాభాపేక్ష లేని ప్రజల రేడియోను మూడో అంచెగా గుర్తించాలని తీర్మానించారు. దేశ ప్రసార చర్చల్లో పస్తాపూర్ ప్రకటన అని ఇప్పటికీ చెప్పుకునేది దాన్నే. దక్షిణాఫ్రికా 1993లోనే చట్టంలో ఈ మూడు అంచెలు రాసుకుంది. నేపాల్‌లో 1997లో రేడియో సాగరమాత మొదలైంది. ప్రపంచంలో అతి పెద్ద ప్రజాస్వామ్యం మాత్రం తటపటాయిస్తూ ఉండిపోయింది.

చట్టం కోసం ఆగలేక సాహసం చేసినవాళ్లూ ఉన్నారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో మహిళా పొదుపు సంఘాలు 2002లో మన రేడియో పేరిట అర కిలోమీటరు దూరం వినపడే చిన్న కేంద్రం పెట్టుకున్నాయి. అనుమతి లేదని కొన్ని నెలలకే అధికారులు పరికరాలు పట్టుకుపోయారు. కొందరు ప్రభుత్వ రేడియోలోనే చోటు వెతుక్కున్నారు. గుజరాత్‌లో కచ్ మహిళలు ఆకాశవాణి భుజ్ కేంద్రంలో సమయం తీసుకుని తమ భాషలో ధారావాహిక నడిపారు.

2002 డిసెంబరులో ప్రభుత్వం తలుపు కాస్త తెరిచింది. పేరున్న విద్యాసంస్థలకు అనుమతి ఇస్తామంది. 2004 ఫిబ్రవరిలో చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం రేడియో మొదలైంది. ఊళ్లకు మాత్రం ఇంకా లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యులు వినోద్ పావరాల, కాంచన్ మలిక్ ఈ పోరాటాన్ని పరిశోధించి పుస్తకం చేశారు. ఎన్నో సంస్థలు పట్టు విడవకుండా అడిగాయి. చివరికి 2006 నవంబరులో కొత్త విధానం వచ్చింది. మూడేళ్ల నుంచి పనిచేస్తున్న లాభాపేక్ష లేని సంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారవ్వాలి. ప్రకటనలు గంటకు ఐదు నిమిషాలే. వార్తలు చదవరాదు.

అక్కడి నుంచి కూడా హోం శాఖ, రక్షణ శాఖ, తరంగాల కేటాయింపు విభాగం అన్నీ దాటి ఫైలు బయటికి రావడానికి దాదాపు రెండేళ్లు. 2008లో ఆ గ్రామీణ మహిళల దినాన సంఘం రేడియో గాలిలోకి వెళ్లింది. మరో ఎనిమిది రోజులకు మధ్యప్రదేశ్‌లో రేడియో బుందేల్‌ఖండ్ తోడైంది. 2011లో గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం బోల్ హైదరాబాద్ పెట్టింది.

30 మీటర్ల స్తంభం చేసే పని

ఇంత చిన్న కేంద్రం పెద్ద రేడియోలకు అడ్డు కాకుండా ఎలా నడుస్తుంది? ఇక్కడే ఎఫ్ఎం గుణం ఉపయోగపడుతుంది. ఆకాశవాణి మీడియం వేవ్ తరంగాలు నేలను అంటుకుని వందల కిలోమీటర్లు పోతాయి. 90 మెగాహెర్ట్జ్ దగ్గరి ఎఫ్ఎం తరంగాలు దాదాపు కంటిచూపు లాగా నేరుగా సాగి, భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. 30 మీటర్ల ఎత్తు యాంటెన్నాకు ఆ హద్దు సుమారు 22 కిలోమీటర్లు. వినేవాడు కాస్త ఎత్తున ఉంటే ఇంకొంచెం. అందుకే మాచ్‌నూర్ రేడియో చుట్టూ 25 కిలోమీటర్ల మేర వంద దాకా గ్రామాలకు చేరుతుందని లెక్క. యాంటెన్నా నుంచి వెలువడే శక్తి 100 వాట్లు మించరాదు. ఒక పెద్ద మామూలు బల్బు వాడేంత.

ఇంకో మేలు ఉంది. రెండు కేంద్రాలు ఒకే తరంగం మీద ఉన్నా ఎఫ్ఎం సెట్టు బలంగా అందేదాన్నే పట్టుకుని రెండోదాన్ని అణిచేస్తుంది. మాచ్‌నూర్‌ది 90.4, గచ్చిబౌలిది కూడా 90.4. నడుమ 70 కిలోమీటర్లకు పైనే దూరం కాబట్టి ఒకదానికొకటి అడ్డు రావు. గాలిలో చోటు చాలదన్న పాత వాదన ఈ స్థాయిలో నిలవదు. అదే తరంగాన్ని జిల్లా తర్వాత జిల్లాలో మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

ఫోన్ వచ్చాక

ఇప్పుడు చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఆకాశవాణి యాప్‌లో వస్తోంది. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ పేరిట ఓటీటీ తెచ్చింది. వ్యాపార చానెళ్లన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి. అలాంటప్పుడు ఊరికో రేడియో ఎందుకు అని అడిగేవాళ్లు ఉన్నారు. అడగదగిన ప్రశ్నే.

జవాబు మూడు మాటల్లో చెప్తాను. మొదటిది, ఫోన్‌లో ఏది ముందు కనపడాలో తేల్చేది ఎక్కడో ఉన్న కంపెనీ లెక్క. ఎక్కువ మందిని ఎక్కువసేపు కట్టిపడేసేదే పైకి వస్తుంది. ఝరాసంగంలో తైదల విత్తనం ఎవరింట ఉందన్న కబురు ఆ లెక్కలో ఎప్పటికీ పైకి రాదు. రెండోది, రేడియో వినడానికి డేటా అక్కర్లేదు, వినేవాడి వివరాలు ఎవరి చేతికీ పోవు, తుఫానుకో వరదకో నెట్ పోయినా టవర్ నిలిస్తే మాట అందుతుంది. అందుకే ఫోన్లలో ఎఫ్ఎం సదుపాయం తీసేయవద్దని 2023లో కేంద్రమే తయారీదారులకు చెప్పింది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఫోన్ ప్రతి మనిషినీ విడివిడిగా మాట్లాడనిస్తుంది, ఊరు కూర్చుని మాట్లాడుకునే చోటు మాత్రం దానంతట అది ఇవ్వదు. ఆ చోటును ఎవరో కట్టాలి. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఫోన్‌తోనే ఆ చోటు కట్టింది. గోండులు మిస్డ్ కాల్ ఇచ్చి తమ భాషలో కబురు చెప్పేవారు. సాధనం ఏదైనా ఫరవాలేదు, అది ఆ ఊరివాళ్ల చేతిలో ఉండాలి.

ఈ వెలుగులో మూడు అంచెల పనులూ విడివిడిగా కనపడతాయి. ప్రభుత్వ ప్రసారం లాభం చూడకుండా ప్రతి మూలకూ చేరాలి, అధికారంలో ఎవరున్నా నమ్మదగిన మాట చెప్పాలి, తన టవర్లనూ సమయాన్నీ చిన్న కేంద్రాలతో పంచుకోవాలి. వ్యాపార ప్రసారం పోటీతో, ప్రశ్నతో అందరినీ మెలకువగా ఉంచాలి. 2024 ఆగస్టులో కేంద్రం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం చానెళ్ల వేలానికి ఒప్పుకుంది. అవి వచ్చినా మొగ్గు పట్టణం వైపే ఉంటుంది. మిగిలిన నేల సామాజిక ప్రసారానిది. దేశంలో ఇప్పుడు 500కు పైగా సామాజిక రేడియోలు ఉన్నాయి. ఆరు లక్షల పైచిలుకు గ్రామాలున్న దేశానికి ఇది ఏ మూలకూ చాలదు. సొంత వార్తలు చదవరాదన్న ఆంక్ష కూడా తొలగాలి. ఆకాశవాణి బులెటిన్లు తప్ప ఇంకేవీ వినిపించరాదన్న నియమాన్ని కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీంకోర్టులో ప్రశ్నించింది. తన ఊరి చెరువు తెగిందని ఊరి రేడియో చెప్పలేకపోవడం ఎవరికీ మేలు చేయదు.

ఇక పటాన్‌చెరు వంతు

సతీశ్ 2023 మార్చి 19న కన్నుమూశారు. అది ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది. ఆయన, సంఘాల ఆడవాళ్లు నలభై ఏళ్లు చెప్పిన మాటను ప్రభుత్వాలు వల్లెవేస్తున్న కాలం. 2019లోనే డీడీఎస్ సంఘాలకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. పాత పంటల మాట ఇంత దూరం పోవడంలో క్యాసెట్లది, సినిమాలది, 90.4ది పెద్ద పాత్ర.

ఇప్పుడు సంగారెడ్డి జిల్లా తూర్పు అంచు చూడండి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం. 1970ల నుంచి కర్మాగారాలు లేచిన నేల. నక్కవాగు విషమైంది, బావులు పాడయ్యాయి, 1990లో కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చిన వేలమంది కార్మికులు ఇక్కడి షెడ్లలో పనిచేస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలి 40 మందికి పైగా చనిపోయారు. తమవాడు బతికి ఉన్నాడో లేడో తెలియక, డీఎన్ఏ పరీక్షల కోసం కుటుంబాలు రోజుల తరబడి ఆస్పత్రుల దగ్గర పడిగాపులు పడ్డాయి. దేశంలోని టీవీ చానెళ్లన్నీ వచ్చాయి, కొన్ని రోజులు చూపించి వెళ్లిపోయాయి. ఆ కార్మికుల భాషలో, వాళ్ల కోసం, రోజూ మాట్లాడే గొంతు మాత్రం ఆ పారిశ్రామికవాడలో లేదు. ప్రమాదం జరిగినప్పుడు ఎటు పరుగెత్తాలో, ఏ రసాయనం వాసన వస్తే ఏం చేయాలో, కూలి ఎగ్గొడితే ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఇవాళ గాలి నాణ్యత ఎంతో చెప్పే రేడియో అక్కడ కావాలి. తెలుగులో, హిందీలో, ఒడియాలో, భోజ్‌పురిలో కావాలి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2006 నాటి విధానం, దానికి తర్వాత వచ్చిన సవరణలు చాలు. 2024 మార్గదర్శకాలు ప్రకటనల సమయాన్ని గంటకు 12 నిమిషాలకు పెంచాయి. కాబట్టి ఖర్చులకు ఒక దారి కూడా ఉంది. మూడేళ్లుగా పనిచేస్తున్న ఏ కార్మిక సేవా సంస్థ అయినా, ఏ మహిళా సమాఖ్య అయినా, సంగారెడ్డి, పటాన్‌చెరు కళాశాలల్లో ఏదైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరిశ్రమలు తమ సామాజిక బాధ్యత నిధుల నుంచి స్టూడియో కట్టించవచ్చు. కార్యక్రమాల మీద పెత్తనం మాత్రం కార్మికులకే వదలాలి.

జిల్లా పడమటి కొసన, జహీరాబాద్ పారిశ్రామిక మండలి కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాల పైచిలుకు భూమి గుర్తించారు. అంటే రేపు మాచ్‌నూర్ చుట్టూ కూడా మాట్లాడుకోవలసింది చాలా ఉంటుంది. అక్కడ మాట్లాడడానికి ఒక రేడియో ఉంది. దాన్ని వినండి, నిలబెట్టండి. పటాన్‌చెరులో లేదు. దాన్ని కట్టండి. గాలి తరంగాలు ప్రజలవని మన న్యాయస్థానం తేల్చి ముప్పై ఏళ్లు దాటింది. వాటిలో మన వాటా మనం అడిగి తీసుకోవాలి.